మొదటి ఆప్షన్

ఉదయభాస్కర్ మాస్టారు ఆ శనివారం పొద్దున్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ మూడుసార్లు గోడ గడియారం చూశాడు. పదకొండింటికి బడిలో సన్మానం. సాయంత్రం ఐదింటికి ఆఖరి విడత ఆప్షన్ల గడువు. మొదటిదానికి వెళ్ళక తప్పదు. రెండోది ఇంట్లో ఎవరికీ గుర్తు రాకుండా గడిచిపోతే బాగుణ్ణని నాలుగు రోజులుగా ఆయన లోలోపల కోరుకుంటున్నాడు.

విజయనగరంలో కంటోన్మెంట్ వైపు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా నడిచే ఒక ప్రైవేటు బడిలో ఆయన లెక్కల మాస్టారు. లెక్కలు చెప్పేవాళ్ళు ఊళ్ళో వీధికి నలుగురున్నారు. ఆయనకి పేరు వచ్చింది ఆప్షన్ల వల్ల. ఎంసెట్ ర్యాంకులు వచ్చాక ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో పిల్లలు కంప్యూటర్లో వరుసగా పెట్టుకోవాలి. ఆ జాబితాని పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకి అందిన మొదటి సీటు ఇచ్చేసి యంత్రం అక్కడితో ఆగిపోతుంది. కింద ఉన్నవాటి జోలికి పోదు. వరుస తప్పితే పిల్ల బతుకే దారి తప్పుతుందని తల్లిదండ్రుల భయం. ఆ భయం ఉన్న రెండు నెలలూ మాస్టారు వాళ్ళకి దేవుడు.

ఆయన దగ్గర ఒక పొడుగాటి పుస్తకం ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. గత మూడేళ్ళలో ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసి, పెన్సిల్‌తో మూడు గళ్ళు గీస్తాడు: రాదు, రావచ్చు, వస్తుంది. 'రాదు' గడిలో పడ్డ కాలేజీని జాబితాలోకే రానివ్వడు. "రానిదానికి ఆశపడి పిల్లలు ఏడవకూడదండీ" అంటాడు. కింద తండ్రి సంతకం, పిల్ల సంతకం. ఆ తర్వాత పిల్లని బడి కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి, తల్లిదండ్రుల్ని వరండాలో బెంచీ మీద ఉండమని తలుపు వేసేస్తాడు. లోపలికి రానిస్తే ప్రతి నొక్కుడుకీ అడ్డుపడతారని ఆయన అనుభవం. పాస్‌వర్డులు కూడా ఆయనవే. పిల్ల పేరు, పక్కన తన స్కూటర్ నంబరు. అలా ఊళ్ళో సగం ఇంజనీర్ల జాతకాలు ఆ పాత స్కూటర్ వెనక పలక మీద వేలాడుతుండేవి.

ఏడేళ్ళుగా ఆయన రాసినవాళ్ళలో నూటికి తొంభై మందికి మొదటి ఆప్షనే వస్తోంది. రాక ఏంచేస్తుంది, రానివన్నీ ముందే కొట్టేస్తే. ఈ చిన్న గుట్టు బడి యజమాని మురళీమోహన్‌కీ తెలుసు. తెలిసే ప్రతి ఏటా గేటు ముందు ఫ్లెక్సీ కట్టిస్తాడు: మా పిల్లలందరికీ మొదటి ఆప్షన్. దాన్ని చూసే కొత్త అడ్మిషన్లు వస్తాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు గానీ, ఆ దారిన వెళ్ళేటప్పుడు మాస్టారు స్కూటర్ కాస్త నెమ్మది చేసేవాడు.

ఈ ఏడు ఆయన సొంత కూతురు విశాలి రాసింది. ర్యాంకు ఆరువేల రెండువందల పధ్నాలుగు. ఆ పిల్లకి కావలసింది ఒక్కటే, విశాఖ యూనివర్సిటీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్. పదకొండో ఏట, వాళ్ళ అమ్మ వీణ పాఠాలకి వాడే కరెంటు శ్రుతిపెట్టె మూగబోతే, స్క్రూలు విప్పి, తెగిన తీగ అతికించి మళ్ళీ పలికించిందా పిల్ల. అప్పట్నుంచీ ఇంట్లో ఏది పాడైనా దానిచేతికే వెళ్తుంది. పుస్తకంలో తన పేజీలో మొదటి వరుసలో విశాఖ అని రాయించుకుని, తండ్రి చదవమన్నా చదవకుండానే సంతకం పెట్టింది. నాన్న రాస్తే మళ్ళీ చూసుకోవడం ఏమిటని దాని నమ్మకం.

లెక్క ప్రకారం ఆ సీటు కిందటేడు ఐదువేల వందకి ఆగిపోయింది. అంతకుముందు ఇంకా పైనే. మాస్టారి గళ్ళలో అది 'రాదు'. కూతురితో ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆప్షన్లు పెట్టాల్సిన రోజు విశాలికి జ్వరం. ఆయన ఒక్కడే కంప్యూటర్ గదిలో కూర్చుని, విశాఖని ఒకటో నంబరులో పెట్టాడు. పెట్టాక చాలాసేపు తెరవంక చూశాడు. మాస్టారి కూతురికే మొదటి ఆప్షన్ రాలేదట అని ఊరంతా అంటున్నట్టు చెవిలో వినిపించింది. ఎలాగూ రానిదాన్ని పైన పెడితే ఏమిటి, కింద పెడితే ఏమిటనుకున్నాడు. ఊరి చివరి ప్రైవేటు కాలేజీని, ఖాయంగా వచ్చేదాన్ని, ఒకటికి జరిపి విశాఖని రెండుకి దించాడు. తేడా లేనప్పుడు మార్చడం దేనికని తనని తాను అడగలేదు. అడిగితే జవాబు వచ్చేది మరి.

సీట్లు ప్రకటించిన రోజు విశాలికి ఊరి చివరి కాలేజీ వచ్చింది. ఆ పిల్ల ఒక గంటసేపు పెరట్లో కూర్చుని లోపలికి వచ్చింది. "సారీ నాన్నా. ఇంకో పది మార్కులు తెచ్చుకుంటే వచ్చేది. నీ పేరు చెడగొట్టాను" అంది. ఆయన దాని తలమీద చెయ్యి వేసి పర్వాలేదమ్మా అన్నాడు. అన్న మర్నాడే తెలిసింది. ఈ ఏడు పై ర్యాంకుల పిల్లలందరూ కంప్యూటర్ సైన్స్ బ్రాంచి వైపు తోసుకుపోయారు, ఎలక్ట్రానిక్స్ సీట్లు ఎన్నడూ లేనంత కిందికి దిగాయి. అదే బడిలో విశాలితో చదివిన రాజకుమారికి, ఏడువేల ముప్ఫై ఎనిమిదో ర్యాంకుకి, ఆ విశాఖ సీటే వచ్చింది. ఆ అమ్మాయికి రిజర్వేషన్ ఉంది, దాంట్లో వచ్చి ఉంటుందని ఆయన గట్టిగా అనుకున్నాడు. కాగితం చూపించమని మాత్రం అడగలేదు.

ఇంకా ఒక దారి తెరిచే ఉంది. ఆఖరి విడతలో ఆప్షన్లు మార్చుకోవచ్చు. ఎవరైనా విశాఖ సీటు వదులుకుని వేరే చోటికి పోతే అది దొరకవచ్చు, దొరక్కపోతే ఉన్న సీటు ఎక్కడికీ పోదు. విశాలి ఆ ఊసే ఎత్తలేదు. విశాఖ ముందే మొదట పెట్టాం, రాలేదు, మళ్ళీ పెట్టినా అదే కదా అంది. గుట్టుగా ఆయనే మార్చేద్దామంటే, దానికి కావలసిన ఓటీపీ వచ్చేది భార్య అనూరాధ ఫోన్‌కి. ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి.

ఇస్త్రీ పూర్తయ్యేసరికి గుమ్మంలో గొంతు వినిపించింది.

"ఏటి మాస్టారూ, ఇంకా తెమల్లేదా? మేం పొద్దున్న బండికే బయల్దేరిపోనాం."

గణపతిరావు. గజపతినగరం అవతల పల్లెలో వరీ మొక్కజొన్నా పండించే రైతు. భుజం మీద గోనెసంచీ, వెనకాల కూతురు రాజకుమారి. సంచీ దింపి, "పొత్తులు లేతగున్నాయని కోసుకొచ్చినాను. అమ్మగారికి ఇచ్చీండి" అన్నాడు. అనూరాధ వచ్చి సంచీ అందుకుంది. విశాలి గది గుమ్మం దగ్గర నిలబడి రాజకుమారికేసి నవ్వింది.

"ఆ రోజు మీరు రాదన్నారు, గుర్తుందా?" అన్నాడు గణపతిరావు కుర్చీలో కూర్చుంటూ. "నాను రాయమన్నాను. రాకపోతే రాదు, అడిగితే ఏటి పోద్ది? సంతలో ఎద్దుని బేరమాడినా ముందు మన మనసులో ఉన్న ధరే అడుగుతాం గదా, ఆనక దిగుతాం. మా గుంట మనసులో ఉన్నది అదే."

గుర్తు లేకేం. ఎంత చెప్పినా ఈ మనిషి వినక, గీసిన గళ్ళకి పైన, ఖాళీ అంచులో విశాఖ అని రాయించి మరీ సంతకం పెట్టాడు. ఆ పేజీ అందం చెడిందని ఆ సాయంత్రమంతా మాస్టారికి చిరాగ్గానే ఉంది.

"కాయితం సూడండి మాస్టారూ. మీ సేతిమీదుగా వచ్చినాది" అని మడత విప్పి ఇచ్చాడు.

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పేరు, ర్యాంకు, కాలేజీ, బ్రాంచి. ఆయన కళ్ళు వాటిని దాటి, సీటు ఏ కోటాలో ఇచ్చారో రాసే వరుస కోసం వెతికాయి. అది రిజర్వేషన్ అయితే బతికిపోయినట్టే. ఓపెన్, ఆడపిల్లలు అని ఉంది. ఏ ఆడపిల్లైనా పోటీ పడగలిగిన సీటు. ఏడువేల ముప్ఫై ఎనిమిది దాకా వచ్చిన సీటు, ఆరువేల రెండువందల పధ్నాలుగుకి రాకుండా ఎలా పోతుంది? పైన పెట్టి ఉంటే వచ్చేది.

కాగితం మడతపెట్టి ఇచ్చేసి, చాలా సంతోషమన్నాడు. వాళ్ళు కాఫీ తాగి, బడికి ముందు నడుస్తామని లేచారు. వాళ్ళు గేటు దాటాక విశాలి అడిగింది.

"తనకి రిజర్వేషన్‌లో వచ్చింది కదా నాన్నా?"

ఆ పిల్ల అక్కసుతో అడగలేదు. తన ఓటమికి ఒక లెక్క కావాలని అడిగింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, దానివంక చూడకుండా, "అవునమ్మా" అన్నాడు.

అనూరాధ సన్మానానికి రాలేదు. శనివారం మధ్యాహ్నాలు ఆమెకి వీణ క్లాసు, అంతకుముందు వంట. తండ్రీ కూతురూ స్కూటర్ మీద బయల్దేరారు. బడి గేటు దగ్గర ఫ్లెక్సీ నిలువెత్తున ఉంది. మధ్యలో మాస్టారి బొమ్మ, చుట్టూ పిల్లల బొమ్మలు. విశాలి బొమ్మ అన్నిటికంటే పైన ఉంది, దాని కింద ఎర్రటి అక్షరాల్లో మొదటి ఆప్షన్ అని.

"ఇదేమిటి నాన్నా, నాకూ మొదటి ఆప్షన్ అని వేశారు? నా మొదటిది విశాఖ కదా."

"అందరికీ ఒకటే ముక్క కొట్టేసి ఉంటాడు, ఆ ఫ్లెక్సీ అతను" అన్నాడు మాస్టారు. వరుసగా రెండో అబద్ధం. మొదటిదానికి గొంతు కాస్త తడబడింది, దీనికి అదీ లేదు. అది గమనించి ఆయనకే భయం వేసింది.

హాలు నిండా జనం. మంచి సీట్లు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ముందు వరుసల్లో పట్టుచీరలతో, ఇస్త్రీ మడతలతో కూర్చున్నారు. ఏదో ఒకటి వచ్చినవాళ్ళు వెనక వరుసల్లో, ఫోన్లు చూసుకుంటూ. ఏమీ రానివాళ్ళు రాలేదు. లక్షలు ఫీజు కట్టి, పిల్లల్ని ఆరేళ్ళపాటు పండగలకి కూడా నిద్రపోనివ్వకుండా చదివించినవాళ్ళే అందరూ. ఎవరి పిల్లకి ఏం వచ్చిందని అడగడం, విని ముఖం మార్చకుండా చాలా మంచిదండీ అనడం, ఇవాళ వాళ్ళకి పని. మాస్టారిని వేదిక ఎక్కించారు. విశాలి మూడో వరుసలో స్నేహితురాళ్ళ మధ్య కూర్చుంది, పక్కన రాజకుమారి.

మురళీమోహన్ మైకులో మాస్టారిని ఆకాశానికెత్తాడు. "మన మాస్టారి పెన్సిల్ గీత దాటి సీటు పోదు" అన్నాడు. చప్పట్లు. తర్వాత తల్లిదండ్రుల్లో ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడమంటే, అందరూ ఒకరినొకరు చూసుకుంటుండగా గణపతిరావు లేచాడు.

"నాకు మాటలు రావు. మాస్టారు మంచోరు. రాదని తెలిసి కూడా, నాను బతిమాల్తే, గీతకి అవతల రాసినారు. ఆ అవతల రాసిందే మా గుంటకి వచ్చినాది. ఇంక మీరే సూసుకోండి."

హాలంతా నవ్వింది. మురళీమోహన్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. మాస్టారు నవ్వలేకపోయాడు. ఆయన చూపు మూడో వరుసలో ఉంది. అక్కడ విశాలి పక్కపిల్లలతో ఏదో అంటోంది. రాజకుమారి ముఖం ఎర్రబడింది. బ్యాగు తెరిచి, ఆ మడత కాగితం తీసి, విశాలి ఒళ్ళో పెట్టి ఒక వరుస మీద వేలు ఆనించింది. విశాలి వంగి చదివింది.

సరిగ్గా అప్పుడే ఆయన భుజాలమీద శాలువా కప్పారు. ఫొటోకి ఇటు చూడమన్నారు. ఆయన ఇటు చూడలేదు. కూతురు వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంటోంది. దానికి ఆ లెక్కలు నేర్పింది ఆయనే. తలెత్తి ఆయనకేసి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. చిన్నప్పుడు పుస్తకం వెనక ఇచ్చిన జవాబుకీ తనకొచ్చిన జవాబుకీ పొంతన కుదరకపోతే ఎలా చూసేదో, అలా చూసింది.

భోజనాలయ్యేసరికి రెండున్నర దాటింది. విశాలి ఏమీ తినలేదు. ఆయన చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి వెళ్తే వెనకే వచ్చి నిలబడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"నాన్నా, రాజకుమారికి వచ్చింది ఓపెన్ సీటే."

"చూశాను."

"పొద్దున్నే చూశావా?"

"ఊఁ."

"మరి రిజర్వేషన్ అన్నావు. నేను వెళ్ళి అందరి ముందూ దాంతో అదే అనేశాను."

కుళాయి సరిగ్గా కట్టక బొట్టు బొట్టుగా కారుతోంది. విశాలి చెయ్యి చాపి దాన్ని బిగించింది. తర్వాత చాలా మెల్లిగా, ఆయనకి సాయం చేస్తున్నట్టు అడిగింది.

"సర్వర్‌లో ఏదో తేడా వచ్చుంటుంది కదా నాన్నా? అప్పుడప్పుడు వరుస దానంతటదే మారిపోతుందట. మా క్లాసులో ఎవరో అన్నారు."

దారి చూపించేసింది పిల్ల. ఊఁ అంటే చాలు. సర్వర్‌ని తిట్టుకుంటూ ఇద్దరూ ఇంటికి పోవచ్చు. ఆయన పేరు ఆయనకి ఉంటుంది, కూతురి నమ్మకం కూతురికి ఉంటుంది. ఆ ఊఁ ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాలుగు రోజుల కిందట ఇదే పిల్ల ఇదే గొంతుతో సారీ చెప్పింది. అది గుర్తొచ్చి ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"సర్వర్ కాదు. వరుస నేను మార్చాను."

"ఎప్పుడు?"

"నీకు జ్వరం వచ్చిన రోజు. విశాఖ రాదని నా లెక్క. రానిది మొదట ఉంటే, మాస్టారి కూతురికే మొదటి ఆప్షన్ రాలేదంటారు. నన్ను అంటారు. అందుకని మన ఊరిది పైకి జరిపి, విశాఖని కిందికి దించాను."

అరుస్తుందనుకున్నాడు. శాలువా లాగి పారేస్తుందనుకున్నాడు. విశాలి మళ్ళీ వేళ్ళమీద లెక్క వేసుకుంది.

"అంటే నా ర్యాంకు సరిపోయిందా?"

"సరిపోయింది."

"నాకు చాలక కాదు."

"కాదమ్మా. నువ్వు బాగానే రాశావు. ఇంకా ఎనిమిది వందల ర్యాంకులు మిగిలి ఉన్నాయి."

అప్పుడు ఏడ్చింది. బిగించిన కుళాయి మళ్ళీ తిప్పి, దోసిళ్ళతో ముఖంమీద నీళ్ళు కొట్టుకుంటూ, ఆ చప్పుడులో ఏడ్చింది. సీటు రానప్పుడు కూడా ఆ పిల్ల ఏడవలేదు. ఆయన శాలువా తీసి తుడుచుకోమని ఇవ్వబోతే తీసుకోలేదు, చున్నీతో తుడుచుకుంది.

"గడువు ఎంతవరకు?"

"ఐదు."

విశాలి ముందు రాజకుమారి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆయనకి వినబడలేదు, రాజకుమారి దాని చెయ్యి పట్టుకోవడం మాత్రం కనబడింది. తిరిగి వచ్చి, కంప్యూటర్ గది తాళం అడిగింది. ఆయన తలుపు తీసి వెనకే లోపలికి అడుగు పెట్టబోయాడు.

"నువ్వు బయట ఉండు నాన్నా."

తలుపు పడింది. వరండాలో తల్లిదండ్రుల బెంచీ ఖాళీగా ఉంది. ఏడేళ్ళలో ఆయన దానిమీద ఎప్పుడూ కూర్చోలేదు. ఇంత ఇరుగ్గా ఉంటుందని, ఇక్కణ్ణుంచి లోపల ఏం జరుగుతోందో బొత్తిగా తెలియదని ఆయనకి ఇవాళే తెలిసింది.

ఆఖరి రోజు కావడంతో వెబ్‌సైట్ నత్తలా నడుస్తోంది. మూడున్నరకి ఇంకా తెరుచుకోలేదని లోపలినుంచి వినిపించింది. నాలుగైంది. అటువైపు వచ్చిన మురళీమోహన్ సంగతేమిటని అడిగితే మాస్టారు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు, గేటు ముందున్న ఆ ఫ్లెక్సీ తీసెయ్యమన్నాడు.

"తీయడం దేనికండీ?" అన్నాడు మురళీమోహన్. "అబద్ధం ఏముంది అందులో? మొదట పెట్టింది ఏదైతేనేం, మొదటి ఆప్షనే కదా వచ్చింది."

సరిగ్గా ఆ మాటే ఆయన తనకి తాను నాలుగు రోజులుగా చెప్పుకుంటున్నాడు. ఇంకొకరి నోట వింటే అది ఎంత నీచంగా ఉంటుందో తెలిసింది. మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

నాలుగూ ఇరవైకి విశాలి పిలిచింది. "ఓటీపీ అడుగుతోంది. అమ్మ ఫోన్ ఎత్తట్లేదు."

ఎలా ఎత్తుతుంది? పాఠం చెప్పేటప్పుడు అనూరాధ ఫోన్ నోరు మూసి బీరువా మీద పెట్టేస్తుంది. ఐదింటిదాకా దానివంక చూడదు. ఆయన మూడుసార్లు చేసి, ఇంక లాభం లేదని స్కూటర్ ఎక్కాడు. సందు మలుపులో పెళ్ళి ఊరేగింపు వ్యాను అడ్డంగా ఉంటే, ఒక్క చేత్తో హారన్ నొక్కుతూ, రెండో చేత్తో చెమట తుడుచుకుంటూ, మనిషి సగమైపోయాడు. ఇంట్లో అడుగుపెట్టేసరికి నాలుగూ ముప్పై ఎనిమిది. నలుగురు ఆడపిల్లలు వీణల ముందు కూర్చుని ఉన్నారు. శ్రుతిపెట్టె పలుకుతూనే ఉంది.

"ఫోన్ ఇవ్వు. విశాలి ఆప్షన్లు మార్చుకుంటోంది, ఓటీపీ కావాలి."

"ఇప్పుడు మార్చడమేమిటి? విశాఖ రాలేదన్నారుగా."

"వచ్చేది. నేను పైన పెట్టలేదు. నా పేరు పోతుందని."

పిల్లల చేతులు తీగలమీదే ఆగిపోయాయి. అనూరాధ ఆయన ముఖంలోకి చూసింది. గడియారం చూసి, లేచి వెళ్ళి ఫోన్ తెచ్చింది. ఆయన చేతికి ఇవ్వలేదు. తనే కూతురికి ఫోన్ కలిపింది.

"పాతదానికి టైము అయిపోయిందమ్మా, మళ్ళీ నొక్కు. ఊఁ, వచ్చింది. రాసుకో." ఒక్కొక్క అంకే రెండేసిసార్లు చెప్పింది. "నిదానంగా చూసుకో. ఎవరి మాటా వినకు, నీకు కావలసింది పెట్టుకో."

నాలుగూ యాభై మూడుకి ఆప్షన్లు చేరినట్టు సందేశం ఆ ఫోన్‌కే వచ్చింది. అనూరాధ దాన్ని చదివి, ఫోన్ బీరువా మీద పెట్టి, పాఠం దగ్గర కూర్చుంది. ఆ రాత్రి భోజనాల దగ్గరా ఆయనతో మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. గణపతిరావు తెచ్చిన పొత్తులు ఉడకబెట్టి ఆయన ముందు పెట్టింది, అంతే.

ఆదివారం ఆయన ఒక్కడే బడికి వెళ్ళి, బ్లేడుతో తాళ్ళు కోసి ఫ్లెక్సీ దింపేశాడు. కాపలా మనిషి దాలయ్య అడ్డం వచ్చి, "ఏటి బాబూ ఇది, అయ్యగారికి నానేటి సెప్పాల?" అన్నాడు. నేనే దింపానని చెప్పమన్నాడు. పుస్తకంలో విశాలి పేజీ తీసి, 'రాదు' అన్న గడిని పెన్సిల్‌తో కొట్టేశాడు. అంతవరకు చేయడం సులువుగానే ఉంది. సోమవారం, మంగళవారం గడవడమే కష్టమైంది. విశాఖ సీటు ఒక్కటి ఖాళీ అయితే చాలని, అయితే తన పాపంలో సగం పోతుందని, గుళ్ళో కూడా అంత గట్టిగా ఎన్నడూ దండం పెట్టుకోని మనిషి రోజుకి పదిసార్లు పెట్టుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. ఆయన క్లాసు మధ్యలో వదిలేసి కంప్యూటర్ గదికి పరిగెత్తాడు. ఎవరి ఫలితమైనా వాళ్ళ తల్లిదండ్రులకంటే ముందు ఆయనకే తెలియడం అలవాటు. విశాలి హాల్‌టికెట్ నంబరు కొట్టాడు. పాస్‌వర్డు కొట్టాడు, కూతురి పేరు, పక్కన స్కూటర్ నంబరు. తప్పు అంది యంత్రం. వేలు జారిందేమోనని మళ్ళీ ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టాడు. మళ్ళీ తప్పే.

"పాస్‌వర్డు మార్చేశాను నాన్నా."

విశాలి గుమ్మంలో ఉంది. ఇంటినుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చినట్టుంది, ఊపిరి ఎగపోస్తోంది. "శనివారమే మార్చాను" అంది. ఆయన కుర్చీలోంచి లేచాడు. అది వచ్చి కూర్చునేదాకా ఆగి, చెప్పించుకోకుండానే బయటికి నడిచి, తలుపు తనే దగ్గరికి వేసి, బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల కీబోర్డు చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, తలుపు పిడివంక చూస్తూ ఉన్నాడు. ఎంతమంది తండ్రులు ఇలా దాన్ని చూస్తూ కూర్చుని ఉంటారో, ఒక్కరికైనా తను మంచినీళ్ళు ఇప్పించలేదని అనిపించింది.

తలుపు తెరుచుకుంది.

"రాలేదు నాన్నా. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్కరూ సీటు వదల్లేదట. పాత సీటే ఉంది."

విశాలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తల వంచుకోలేదు. మొన్నటిలా పది మార్కుల మాట ఎత్తలేదు. ఆయన ఎదురుగా నిలబడి, ఆయన ఏమంటాడోనని చూస్తోంది. పర్వాలేదమ్మా అనడానికి ఆయనకి ఇప్పుడు హక్కు లేదు.

"సారీ అమ్మా" అన్నాడు ఉదయభాస్కర్ మాస్టారు, బెంచీ మీద కూర్చునే.

విశాలి పర్వాలేదనలేదు. కంప్యూటర్ గదికి తాళం వేసి, తాళంచెవి ఆయన పక్కన బెంచీ మీద పెట్టి, సైకిల్ వైపు నడిచింది.